ఆవిష్కర్తల్లో ఆడవాళ్లు ఎందుకు తక్కువ? మిరప తొడిమల యంత్రం గురించి అడిగిన అమ్మాయికి

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగిన అమ్మాయి గుంటూరులో బీటెక్ ఫైనలియర్ చదువుతోంది. బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. ప్రాజెక్టు ఎండుమిరపకాయల తొడిమలు తీసే యంత్రం. కాయలో ఎంత తడి ఉంటే తొడిమ తేలిగ్గా ఊడుతుందో అమ్మాయిలిద్దరూ కూలీల పక్కన కూర్చుని గమనించారు. దాన్నిబట్టి కాయ యంత్రంలో ఎలా కదలాలో బొమ్మలు గీశారు. ఫ్రేము వెల్డింగు, మోటారు బిగింపు పనులు అబ్బాయిలు చూసుకున్నారు. ఇప్పుడు పేటెంటుకు వేద్దామంటే, ఆవిష్కర్తలుగా అబ్బాయిల పేర్లు, గైడ్ పేరు చాలంటున్నారట. పైగా గైడ్ గారు "మెషిన్ల మీద ఆడపిల్లలకు సహజంగానే ఆసక్తి తక్కువ, చరిత్ర చూడండి" అన్నారట. నిజంగా చరిత్ర అలాగే ఉందా అని అడుగుతోంది.

విజయవాడలో చాలా ఏళ్లుగా పేటెంటు దరఖాస్తులు రాసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి వివరంగానే చెబుతాను.

తక్కువ అన్నది నిజమేనమ్మా, అందులో వాదన లేదు. 2019లో అమెరికా పేటెంట్లు పొందిన అక్కడి ఆవిష్కర్తల్లో మహిళలు 12.8 శాతం. ఐరోపా పేటెంటు ఆఫీసు లెక్కలో అదే ఏడాది 13.2 శాతం. అయితే ఐరోపా లెక్కలోనే ఇంకో అంకె ఉంది. 1970ల చివర్లో అక్కడ మహిళల వాటా 2 శాతం దగ్గర ఉండేది. పుట్టుకతో వచ్చే గుణమైతే నలభై ఏళ్లలో ఆరు రెట్లు పెరగదు కదా. ఆ నలభై ఏళ్లలో మారినవి చదువులు, ఉద్యోగాలు, ల్యాబుల్లోకి దారులు.

మీ గైడ్ గారు చరిత్ర అంటున్నది పేటెంటు రిజిస్టరును చూసి. ఆ రిజిస్టరులో ఉన్నవి ఆస్తి హక్కులు. పేటెంటు కూడా పొలం పట్టాలాంటిదే: అమ్ముకోవచ్చు, కౌలుకిచ్చినట్టు లైసెన్సు ఇవ్వొచ్చు, ఎవరైనా ఆక్రమిస్తే కోర్టుకెక్కొచ్చు. ఆస్తి పెట్టుకునే హక్కే లేని మనిషి పేరు ఆస్తుల రిజిస్టరులో ఎలా కనిపిస్తుంది? నా దృష్టిలో అసలు మూలం ఇక్కడుంది. తక్కినవన్నీ దీని చుట్టూ పెరిగాయి.

సిబిల్లా మాస్టర్స్ సంగతి చూడండి. అమెరికా ఇంకా ఇంగ్లండు వలసగా ఉన్న రోజుల్లో ఫిలడెల్ఫియా ప్రాంతంలో ఉండేది. మొక్కజొన్నను తిరగలిలో విసిరే బదులు రోకళ్లతో దంచే యంత్రం ఆలోచించింది. పొడవాటి దుంగకు వరసగా ముక్కులు బిగిస్తారు. దుంగ తిరుగుతుంటే ఆ ముక్కులు రోకళ్లను పైకెత్తి వదిలేస్తాయి, అవి కింద రోళ్లలో పడి గింజను దంచుతాయి. తిప్పడానికి నీటి చక్రమైనా సరే, గుర్రాలైనా సరే. దంపుడు పని ఎరిగిన మనిషికి మాత్రమే తట్టే ఆలోచన అది. హక్కు సంపాదించుకోవడానికి ఆవిడ సముద్రం దాటి లండన్ వెళ్లింది. 1715లో రాజు మంజూరు చేశాడు. పత్రం మాత్రం భర్త థామస్ పేరిట వచ్చింది. కనిపెట్టింది ఆయన భార్య సిబిల్లా అని ఆ పత్రంలోనే రాశారు. అందులో దాపరికమేమీ లేదు. అప్పటి ఇంగ్లిష్ చట్టంలో పెళ్లయిన స్త్రీకి భర్తతో సంబంధం లేని సొంత ఆస్తి ఉండేది కాదు, సొంతంగా ఒప్పందం చేసుకునే వీలూ ఉండేది కాదు. అందుకే తెలివి ఆవిడదని ఒప్పుకుంటూనే హక్కు ఆయన చేతిలో పెట్టారు.

అమెరికా స్వతంత్రమయ్యాక 1790లో చేసిన పేటెంటు చట్టం స్త్రీలను మినహాయించలేదు. 1809లో మేరీ కీస్ అనే ఆవిడ గడ్డిని పట్టు దారంతో కలిపి నేసే పద్ధతికి తన పేరు మీదే పేటెంటు తీసుకుంది. టోపీల తయారీకి పనికొచ్చే పద్ధతి అది. ఆ పత్రం 1836లో పేటెంటు ఆఫీసు తగలబడినప్పుడు కాలిపోయింది. కాబట్టి పేటెంటు చట్టం అడ్డుపడలేదు, ఆస్తి చట్టం అడ్డుపడింది. భర్త సంతకం లేకుండా ఒప్పందం చేసుకోలేని స్త్రీకి పేటెంటు వచ్చినా దాన్ని ఏం చేసుకోవాలి? ఎవరు పెట్టుబడి పెడతారు? 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్, ఆ తర్వాత ఒక్కో రాష్ట్రమూ పెళ్లయిన స్త్రీల ఆస్తి హక్కు చట్టాలు తెచ్చాయి. ఆ చట్టాలు వచ్చిన చోట్ల మహిళల పేటెంట్లు పెరిగాయని ఆర్థిక చరిత్రకారిణి జొరీనా ఖాన్ పాత రికార్డులు తిరగేసి చూపించారు. ఇంగ్లండులో ఆ హక్కు పూర్తిగా రావడానికి 1882 దాకా పట్టింది.

ఇక మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న కథ మార్గరెట్ నైట్‌ది. పన్నెండేళ్లప్పుడే పత్తి మిల్లులో పనిచేసిన పిల్ల. మగ్గం మీంచి నాడె ఎగిరిపడి పనివాళ్లకు దెబ్బలు తగలడం చూసి, దాన్ని ఆపే పరికరం ఒకటి అప్పుడే ఆలోచించిందని చెబుతారు. పెద్దయ్యాక కాగితం సంచుల ఫ్యాక్టరీలో చేరింది. అప్పట్లో యంత్రం మీద వచ్చే సంచులకు అడుగు కవరులా సన్నగా ఉండేది, సరుకు పోస్తే నిలబడేది కాదు. అడుగు చదరంగా ఉండి నిలబడే సంచి కావాలంటే చేత్తో మడిచి అతికించాల్సిందే. ఆ మడతలు తనంతట తానే వేసే యంత్రాన్ని నైట్ రూపొందించింది. ముందు చెక్క నమూనా, తర్వాత ఇనుముతో. ఇనుప నమూనా తయారవుతున్న షాపులో దాన్ని చూసిన చార్లెస్ అనన్ అనే ఆయన, ముందుగా తన పేరు మీద పేటెంటుకు వేసేశాడు. ఆవిడ ఊరుకోకుండా కేసు వేసింది. ఒక ఆడమనిషికి ఇంత క్లిష్టమైన యంత్రం అర్థమయ్యే అవకాశమే లేదని అతని వాదన. నైట్ తన డైరీలు, డ్రాయింగులు, నమూనాలు, తన దగ్గర పనిచేసిన సాక్షులు అన్నీ వరసగా ముందుంచింది. గెలిచింది, 1871లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత జీవితకాలంలో ఇరవైకి పైగా పేటెంట్లు తీసుకుంది. కిరాణా కొట్లో బల్ల మీద నిలబెట్టే కాగితం సంచి వెనక ఉన్న బుర్ర ఆవిడది. మీ గైడ్ గారు అన్న మాట, 150 ఏళ్ల కిందట ఒక దొంగ తన రక్షణ కోసం వాడుకున్న మాట. సాక్ష్యం ముందు అది అప్పుడే నిలబడలేదు.

అయితే అమెరికా, ఇంగ్లండు కథను తెచ్చి మన మీద యథాతథంగా అంటించడం తప్పు. మనకు స్త్రీధనం ఉంది. హిందూ స్త్రీ పెళ్లితో తన సొత్తు మొత్తం పోగొట్టుకునే చట్టం మనది కాదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు ఎకరమో అరెకరమో రాసిచ్చే అలవాటు ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ పొలం కౌలు ఎవరు మాట్లాడతారు, పంట డబ్బు ఎవరి చేతికొస్తుంది, అవసరానికి అమ్మేది ఎవరు? కాగితం మీద ఆమె, పెత్తనం మగవాళ్లది. కొడుకులతో సమానంగా పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. 1986లో చేసిన సవరణ చట్టం అది. దేశమంతటికీ అదే హక్కు 2005 దాకా రాలేదు. సొంత డబ్బుతో నమూనా చేయించుకునే స్తోమతు మన ఆడవాళ్లకు ఎంత ఆలస్యంగా మొదలైందో లెక్క వేసుకోండి.

అక్షరం సంగతి ఇంకా కష్టం. 1901 జనగణనలో దేశం మొత్తం మీద చదవను రాయను వచ్చిన మగవాళ్లు దాదాపు 10 శాతం, ఆడవాళ్లు 0.6 శాతం. 1951లో కూడా ఆడవాళ్ల అక్షరాస్యత 9 శాతం దాటలేదు. మన దేశంలో పేటెంటు చట్టం మాత్రం 1856లోనే మొదలైంది. కలకత్తాలో పంకా లాగే యంత్రానికి మొదటి దరఖాస్తు పడింది. చట్టం వచ్చి 45 ఏళ్లయినా వందమంది ఆడవాళ్లలో ఒక్కరికైనా సంతకం చేయడం రాని దేశంలో, దరఖాస్తులో వాళ్ల పేర్లు వెతకడం ఏం న్యాయం? గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టింది ఆ పరిస్థితుల్లోనే. ఆడపిల్లకు చదువు చెప్పించడమే పెద్ద పోరాటమైన రోజులవి.

చదువు వచ్చాక తర్వాతి అడ్డం వర్క్‌షాపు. ఇక్కడ మన తెలుగావిడ ఒకరి గురించి తప్పకుండా చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒళ్లో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అప్పటిదాకా ఆడపిల్లలు అడుగుపెట్టని ఆ కాలేజీలో ఆయన పై అధికారుల అనుమతి తెచ్చి 1940లో కూతుర్ని చేర్పించారు. ఆమె వెనకే మరో ఇద్దరు అమ్మాయిలు చేరారు. 1943లో డిగ్రీ వచ్చింది, పట్టా మీద మగవాళ్ల కోసం అచ్చేసిన మాటను కొట్టేసి పెన్నుతో దిద్ది ఇచ్చారు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పనిచేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనల్లో పాలుపంచుకున్నారు. పొగరాని పొయ్యి, విద్యుత్తుతో నడిచే సంగీత వాద్యం లాంటివి ఆయన పనులు. తర్వాత కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో చేరి, భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో కూడా ఉన్నారు.

లలిత గారి కథలో నన్ను ఆపేది ఆమె ధైర్యం ఒక్కటే కాదు. తండ్రి అదే కాలేజీలో ప్రొఫెసర్ కాకపోతే ఆ గేటు తెరుచుకునేదా? అంత తెలివి, అంత పట్టుదల ఉన్న అమ్మాయిలు బెజవాడలో, తెనాలిలో, నరసరావుపేటలో అప్పుడు లేరా? ఉన్నారు. వాళ్ల తండ్రులకు గిండీలో ఉద్యోగం లేదు, అంతే. ఇంకో మాట. పొగరాని పొయ్యి పనిలో లలిత గారి గురించి ఎక్కడ రాసినా తండ్రికి సాయపడ్డారనే రాస్తారు. ఎవరి వాటా ఎంత అని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కానీ డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి వంటింట్లో పొగ ఎవరి కళ్లలోకి వెళ్లేదో మనందరికీ తెలుసు.

వర్క్‌షాపు విషయం మీ కళ్ల ముందే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక్కసారి నడిచి చూడండి. లేత్ మిషన్ దగ్గర పదహారు పదిహేడేళ్ల కుర్రాడు హెల్పరుగా చేరతాడు. ముందు ఇనుప రజను ఊడుస్తాడు, తర్వాత స్పానర్లు అందిస్తాడు, రెండేళ్లు తిరిగేసరికి చెయ్యి తిరుగుతుంది. ఏ లోహం ఎక్కడ విరుగుతుందో చెవితో విని చెప్పగలడు. ఆ వయసు ఆడపిల్ల అక్కడ కనిపించదు. కొండపల్లిలో పొణికి కర్ర చెక్కే పని ఎక్కువగా మగవాళ్లది, రంగులద్దే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాపు ల్యాబులోనూ ఇదే. ఫిట్టింగ్ సెక్షన్లో ఆకురాయి పట్టి రుద్దేది అబ్బాయిలు, రికార్డు నీట్‌గా రాసేది అమ్మాయిలు. ఫైనలియర్ వచ్చేసరికి మెషిన్ వాళ్లది, పీపీటీ, డాక్యుమెంటేషన్ వీళ్లవి. ఎవరూ దురుద్దేశంతో చేయరు. "నీ చేతులు పాడవుతాయిలే అమ్మా" అని ప్రేమగానే అంటారు. ఫలితం మాత్రం పేటెంటు దరఖాస్తులో కనిపిస్తుంది.

కళ్ల ముందు కనిపించేదే పిల్లల్ని మలుస్తుందనడానికి పెద్ద ఆధారమే ఉంది. అమెరికాలో పన్ను రికార్డులను, పేటెంటు రికార్డులను కలిపి లక్షలమంది జీవితాలను పరిశీలించారు కొందరు ఆర్థికవేత్తలు. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, ఏదైనా ఒక రంగంలో మహిళా ఆవిష్కర్తలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో పెరిగిన ఆడపిల్లలు పెద్దయ్యాక అదే రంగంలో పేటెంట్లు తెచ్చుకునే అవకాశం ఎక్కువ. మగ ఆవిష్కర్తలు ఎంతమంది ఉన్నా ఆడపిల్లల మీద ఆ ప్రభావం లేదు. అక్కడ 1980లో పుట్టిన తరం ఆవిష్కర్తల్లో మహిళలు 18 శాతం. ఇదే వేగంతో పోతే సమానం కావడానికి ఇంకా 118 ఏళ్లు పడుతుందని వాళ్లే లెక్కగట్టారు.

తెలుగు నేల మీద దీనికి అద్దం పట్టే కథ చింతకింది మల్లేశం గారిది. ఆలేరు దగ్గర శారాజీపేట. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడానికి, వాళ్లమ్మ లక్ష్మి గారు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించేవారు, భుజాలు పడిపోయేవి. ఆ బాధ చూడలేక ఆయన ఏళ్ల తరబడి కష్టపడి 1999కి ఆసు యంత్రం పూర్తిచేశారు. అమ్మ పేరే పెట్టారు. పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. వేలమంది ఆడవాళ్ల భుజాలు కాపాడిన మనిషి ఆయన. నేను చూడమంటున్నది మరొకటి: ఆ నొప్పి తరతరాలుగా ఆడవాళ్లది, ఆ కదలికలు వాళ్ల కండరాల్లో ఉన్నాయి. హైదరాబాదు వెళ్లి ఎలక్ట్రికల్ పని నేర్చుకుని, విడిభాగాలు కొనుక్కొచ్చి ప్రయోగాలు చేసే వీలు మాత్రం కొడుకుకే ఉంది. లక్ష్మి గారికి ఆ వీలుంటే ఆ యంత్రం ఎప్పుడు వచ్చేదో.

వంటింటి తెలివి సంగతి ఇంకోలా ఉంటుంది. మన దుగ్గిరాల పసుపు యార్డు గురించి మీకు చెప్పక్కర్లేదు. గాయానికి పసుపు అద్దడం ఏ అమ్మమ్మకు తెలియదు? దానికే 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ అభ్యంతరం పెట్టి, పాత గ్రంథాలు, పత్రికలు రుజువుగా చూపిస్తే 1997లో రద్దయింది. అమ్మమ్మల మాట చాల్లేదు, అచ్చులో ఉన్నదే రుజువైంది. మన పేటెంటు చట్టంలో 3(పి) సెక్షన్ కింద సంప్రదాయ పరిజ్ఞానానికి పేటెంటు ఇవ్వరు. అది సరైన నిబంధనే, లేకపోతే ఎవరో ఒకరు కాజేస్తారు. కానీ ఆడవాళ్లు తరాలుగా మెరుగుపరుస్తూ వచ్చిన విత్తనం, పచ్చడి, మందు ఏదీ ఆవిష్కరణల లెక్కలోకి రాదని గుర్తుంచుకోవాలి. లెక్కలోకి రానిదాన్ని లేదనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇది ఆడవాళ్లకు జరిగిన అన్యాయంతో ఆగే విషయం కూడా కాదు. వైద్య రంగం పేటెంట్లను పరిశీలించి 2021లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, అందరూ మహిళలే ఉన్న బృందాలు స్త్రీల ఆరోగ్య సమస్యల మీద పనిచేసే అవకాశం, అందరూ మగవాళ్లే ఉన్న బృందాల కంటే 35 శాతం ఎక్కువ. కనిపెట్టేవాళ్లు ఎవరన్నదాన్నిబట్టి ఏ సమస్య తీరుతుందో నిర్ణయమవుతోంది. గుంటూరు చుట్టూ తొడిమలు తీసేది, పత్తి తీసేది ఎవరు? సాయంత్రానికి వేళ్లు మండి, ఆ చేత్తో చంటిపిల్లను ఎత్తుకోలేక అల్లాడేది ఎవరు? మీ ప్రాజెక్టు నాకు అంత ముఖ్యమనిపించింది అందుకే.

ఇప్పుడు మీ పేరు విషయం. పేటెంటు చట్టం దృష్టిలో ఆవిష్కర్త అంటే, క్లెయిముల్లో, అంటే దరఖాస్తులో 'ఇది మాది' అని హక్కు కోరే అంశాల్లో, రాసుకున్న కొత్త ఆలోచనకు బుర్ర పెట్టిన మనిషి. చెప్పిన కొలతల ప్రకారం వెల్డింగు చేసినవారు, డబ్బు పెట్టినవారు, హెచ్‌ఓడీ హోదాలో ఉన్నవారు ఆ కారణంతోనే ఆవిష్కర్తలు కారు. కాయ మరీ ఎండితే తొడిమతోపాటు పైభాగం విరిగి గింజ రాలిపోతుంది. అందుకే కూలీలు కాస్త నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. అది అందరూ చేసేదే కాబట్టి కొత్తది కాదు. కానీ తడిని కొలిచి, దానికి తగ్గట్టు కాయ మీద పడే ఒత్తిడిని మార్చే ఏర్పాటు మీ యంత్రంలో ఉంటే, అది మీ ఇద్దరి ఆలోచన అయితే, క్లెయిము నిలబడేది దాని మీదే. అప్పుడు మీ ఇద్దరి పేర్లు లేకపోవడం తప్పుడు ప్రకటన అవుతుంది. అబ్బాయిలు నిర్మాణంలో సొంత ఆలోచన ఏదైనా చేర్చి ఉంటే వాళ్ల పేర్లూ ఉండాల్సిందే. అలాగే కూలీల్లో ఎవరైనా ఒకావిడ "ఇలా పట్టి తిప్పేలా పెట్టండి" అని ప్రత్యేకంగా ఒక ఉపాయం చెప్పి, మీరు దాన్నే యంత్రంలో పెట్టి ఉంటే, ఆవిడ పేరు రాయండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఒక జాగ్రత్త. 2019 సెప్టెంబరు నుంచి మహిళా దరఖాస్తుదారులకు త్వరగా పరిశీలన జరిపే వీలు కల్పించారు. వ్యక్తులు దరఖాస్తు చేసినప్పుడు వారిలో కనీసం ఒకరు మహిళ అయితే చాలు. మంచి నిబంధనే, మీరూ వాడుకోవచ్చు. అయితే దరఖాస్తుదారు వేరు, ఆవిష్కర్త వేరు. త్వరగా పనవుతుందని భార్య పేరో చెల్లెలి పేరో దరఖాస్తుదారుగా చేర్చి, ఆవిష్కర్తల కాలమ్‌లో మగవాళ్ల పేర్లే రాయించేవాళ్లను చూస్తూనే ఉన్నాను. 1715లో సిబిల్లాకు తెలివి తనదైనా హక్కు దక్కలేదు. ఇక్కడ హక్కు కాగితం మీద ఆమె పేరు వాడుకుని తెలివి ఆమెది కాదంటున్నారు. మీకు "దరఖాస్తుదారుగా పెడతాంలే" అని సర్దిచెబితే ఒప్పుకోకండి, ఆవిష్కర్తల కాలమ్ చూడండి.

ముందు మీ బొమ్మలు, కూలీల దగ్గర రాసుకున్న నోట్సు, వాట్సాప్‌లో పంపుకున్న ఫొటోలు తేదీలతో సహా ఒకచోట పెట్టుకోండి. నైట్‌ను గెలిపించింది అవే. తర్వాత గైడ్ గారితో గొడవగా కాకుండా, ఏ క్లెయిము ఎవరి ఆలోచనో ఒక కాగితం మీద నలుగురూ కూర్చుని రాయమని అడగండి. చాలా చోట్ల విషయం అక్కడే తేలిపోతుంది. ఏ ఎక్స్‌పోలోనూ యంత్రాన్ని చూపించకముందే చెన్నై పేటెంటు ఆఫీసులో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు దాఖలు చేయించండి, మన రాష్ట్రం ఆ ఆఫీసు కిందకే వస్తుంది. ప్రొవిజనల్ వేశాక 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, వేయాలి, దాంతోపాటు ఫారం 5లో ఆవిష్కర్తల ప్రకటన ఉంటుంది. అందులో మీ ఇద్దరి పేర్లు లేకపోతే పేటెంటు చట్టం 28వ సెక్షన్ కింద ఫారం 8 వేసి, ఆవిష్కర్తలుగా మీ పేర్లు చేర్చమని నేరుగా అడగొచ్చు. అది పేటెంటు మంజూరు కాకముందే వేయాలి, మంజూరయ్యాక ఆ దారి ఉండదు.